నీలం గుడ్ల హెడ్మాస్టరు

"పోయిన కోడి నిన్న ఉదయం ఆరూ నలభైకి కూసింది" అన్నారు వయొలిన్ మాస్టారు. "ఇవాళ ఆరూ ముప్ఫై ఎనిమిదికి కూసింది. కావాలంటే పుస్తకం చూడండి."

ఇన్‌స్పెక్టరు నావైపు తిరిగి కన్ను గీటాడు, మీ క్లయింటు సంగతి చూశారా అన్నట్టు.

టైము పదీ ఇరవై. పన్నెండింటికి మాస్టారిని జీపెక్కిస్తానని ఇన్‌స్పెక్టరు ముందే చెప్పేశాడు. ఏ కేసైనా భోజనం వేళకి ముగిసిపోవాలి ఆయనకి. అందరూ ఆయన్ని వెనకాల 'భోజనం ఇన్‌స్పెక్టర్' అంటారు. నేను మొహం మీదే అంటాను. అందుకే ప్రైవేటు డిటెక్టివులంటే, అందులోనూ ఆడ డిటెక్టివులంటే, ఆయనకి ఒళ్ళు మంట.

జరిగింది ఇంతే. మొన్న మధ్యాహ్నం రెండుంబావుకి మాస్టారి పక్కింటి గుడ్ల టీచరు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మూడూ నలభైకి తిరిగొచ్చేసరికి గదిలో పుంజు లేదు. ఆ పుంజు పేరు హెడ్మాస్టరు. గుడ్ల టీచరంటే సైన్సు టీచరుగా రిటైరైన మనిషి. పాతికేళ్ళుగా నీలం గుడ్లు పెట్టే కోళ్ళని పెంచుతున్నారు. ఆ వంశానికంతటికీ పరీక్షలో నిలిచిన మగ దిక్కు ఇప్పుడు హెడ్మాస్టరొక్కడే.

"దాని మెడ పిసికే రోజు దగ్గర్లోనే ఉంది" అని మాస్టారు నెల క్రితం మున్సిపాలిటీకి రాసిన ఉత్తరం ఇన్‌స్పెక్టరు జేబులో ఉంది. కేసంతా ఆ కాయితమే.

"కోపంలో రాశానమ్మా" అన్నారు మాస్టారు నాతో. "ఆ కూత పడలేక పాఠాల గది గోడలకి దూది పరుపులు కొట్టించుకున్నవాణ్ణి. చంపేవాడినైతే పరుపులెందుకు? ఒక్కసారి కోడిదొంగగా జీపెక్కితే రేపట్నుంచి నా దగ్గరికి పిల్లల్నెవరు పంపిస్తారు?"

నేను పుస్తకం తీసుకున్నాను. అది ఫిర్యాదుల పుస్తకం. మూడు గళ్ళు గీసి ఉన్నాయి: సమయం, శృతి, ఫిర్యాదు. ఎనిమిది నెలలుగా ఒక్క కూత వదలకుండా రాశారాయన. '4.52. పెద్దవాడు. ఐదు శృతి. నిద్ర పాడు.' '5.10. చిన్నవాడు. నాలుగున్నర. చివర బేసురు.' ఒకచోట 'పెద్దవాడు ఇవాళ అద్భుతంగా ఎత్తుకున్నాడు' అని రాసి, సిగ్గుపడి కొట్టేశారు.

"పెద్దవాడంటే?"

"హెడ్మాస్టరేనమ్మా. మిగతావాళ్ళు వాడు కూశాకే కూస్తారు. వాడికంటే ముందు నోరెత్తరు. నేను వాణ్ణి ఎప్పుడూ చూడలేదు. వినడమే."

నేను పేజీలు వెనక్కి తిప్పాను. సరిగ్గా పదకొండు రోజుల క్రితం వరస మారింది. ఆ ఉదయం నుంచి మొదటి కూత చిన్నవాడిది. పెద్దవాడు ఆరున్నర దాటాక ఒకే ఒక్కసారి, పక్కన 'గోడ వెనకనుంచి' అని చిన్న అక్షరాలు. మొన్న మధ్యాహ్నం తరవాత చిన్నవాడు లేడు. పెద్దవాడు మాత్రం నిన్నా ఉన్నాడు, ఇవాళా ఉన్నాడు.

పదకొండు రోజులు! పుంజు పోయింది మొన్న కదా.

"మొన్న రెండూ యాభైకి ఏమని రాశారో చదివారా సార్?" అన్నాను ఇన్‌స్పెక్టరుతో. "'పెట్టలు మామూలుగా ఉన్నాయి. గోల లేదు.' కొత్త మనిషి పుంజుని పట్టుకుంటే షెడ్డు ఎగిరిపోదూ?"

"రాసింది ముద్దాయే కదా మేడమ్. ఏమైనా రాసుకుంటాడు. మీరు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారు."

"ఒకసారి ఆ గుడ్డేదో చూసొస్తాను. పన్నెండు ఇంకా కాలేదు" అన్నాను.

పదీ నలభై. టీచరుగారి పెరట్లో పుంజు గదికి ఇన్‌స్పెక్టరే తాళం తీశాడు. గుమ్మం ముందు వెడల్పాటి రేకు పళ్ళెం, అందులో గులాబీరంగు నీళ్ళు. ఆయన బూట్లు పాడవుతాయని పళ్ళెం మీంచి దూకాడు. నేనూ చెప్పులెత్తి దాటాను. మా వెనక వస్తున్న టీచరుగారు మాత్రం ఆగి, రెండు కాళ్ళూ నీళ్ళలో ముంచి, అప్పుడు లోపలికి వచ్చారు.

"పర్మాంగనేట్" అన్నారు. "బయటి రోగం లోపలికి రాకుండా. ఏరా, నీకు ఎనిమిదో తరగతిలో చెప్పాను కదా, క్రిములు కనపడవని. అప్పుడూ ఇంతే, కిటికీలోంచి బయటికి చూస్తుండేవాడివి."

ఇన్‌స్పెక్టరు టోపీ సవరించుకున్నాడు. యూనిఫాం ఉన్నా లేకపోయినా ఆవిడ ముందు ఆయన ఎనిమిదో తరగతే.

గది చిన్నది. గడ్డి పరుపు, నీళ్ళ గిన్నె, దాణా తొట్టి, కూర్చోవడానికో కర్ర. ఊడిన ఈక ఒక్కటీ లేదు. గొళ్ళెం విరగలేదు. సిమెంటు నేల మీద మాత్రం గోధుమరంగు మరకలున్నాయి. వంగి చూశాను. అడుగులు. పెద్ద బూటు, కుడి మడమ దగ్గర ముక్క ఊడింది. గుమ్మం నుంచి కర్ర దాకా వచ్చి, మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళాయి.

"ఈ నేల ఎప్పుడు కడిగారు టీచరుగారూ?"

"మొన్న పొద్దున. ఆ తరవాత వీడు తాళం వేసుకుపోయాడు."

"మా కానిస్టేబుల్ అడుగులై ఉంటాయి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీ కానిస్టేబుల్ లోపలికి ఎలా వచ్చాడు?"

"ఎలా రావడమేంటి? నాలాగే..." అని ఆగిపోయాడు.

"దూకి వచ్చాడు. మీరూ దూకారు, నేనూ దూకాను. మాస్టారిని రమ్మన్నా దూకుతారు. ఆ నీళ్ళు ఆరితే గోధుమరంగు మరకవుతాయి. ఈ మనిషి లోపలికి వస్తూ కాళ్ళు ముంచాడు. ఇటు రండి, గుమ్మం బయట గేటువైపు చూడండి. వెళ్ళేటప్పుడు మళ్ళీ ముంచాడు."

ఇన్‌స్పెక్టరు గుమ్మం బయటికి వంగి చూశాడు. నాకు మాత్రం చెప్పలేనంత ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్ళుగా దొంగల వెంట తిరుగుతున్నాను. వేలిముద్రలు తుడిచినవాళ్ళని చూశాను, కుక్కకి బిస్కెట్లు వేసినవాళ్ళని చూశాను. దొంగతనానికి వచ్చి, మిగతా కోళ్ళకి ఎక్కడ జబ్బు చేస్తుందోనని కాళ్ళు కడుక్కున్న దొంగని ఇప్పుడే చూస్తున్నాను. చంకలో పుంజు, ఎవరైనా చూస్తారేమోనన్న భయం, అయినా పళ్ళెం దగ్గర ఆగాడు. అది ఆలోచించి చేసిన పని కాదు. చిన్నప్పుడు పలక మీద దిద్దినంత గట్టిగా ఎవరో నేర్పిన పని.

నేను టీచరుగారి మొహం చూశాను. ఆవిడ నేలవైపే చూడటం లేదు.

"ఇందులో కాలు ముంచాలని మీరు ఎంతమందికి నేర్పారు?"

"వచ్చినవాళ్ళందరికీ చెప్తాను" అన్నారావిడ పొడిగా. "పదండి, గుడ్లు చూద్దురుగాని."

నేను అడిగినదానికి అది జవాబు కాదని మా ఇద్దరికీ తెలుసు.

గుడ్ల గది ఇంటి వెనక వసారాలో ఉంది. బల్ల మీద అట్ట అరల్లో గుడ్లు. నీలం అని వినడమే గాని నేనెప్పుడూ చూడలేదు. ఎవరో రంగు వేసి ఉంటారనుకుంటూ వచ్చాను, నిజం చెప్పాలంటే నవ్వుకుంటూ కూడా. చూడగానే ఆ నవ్వు పోయింది. వాన వెలిశాక కాసేపు ఉండే ఆకాశం రంగు, అరలు అరలుగా, నలభై దాకా ఉన్నాయి. గుడ్లప్పగించి చూడటమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

"రంగు కాదు కదా?" అంది నాలోని డిటెక్టివు.

టీచరుగారు నవ్వి, ఒక గోధుమరంగు గుడ్డు పగలగొట్టి గిన్నెలో వేశారు. పెంకు లోపలివైపు తెలుపు. "దీని రంగు పైపూత. చివర్లో పూసుకుని బయటికొస్తుంది." తరవాత నీలం గుడ్డు పగలగొట్టి పెంకు నా అరచేతిలో పెట్టారు. లోపలా నీలమే. ఎంత పలచగా విరిచినా నీలమే. "ఇది పూత కాదమ్మా. పెంకు కట్టేటప్పుడే కలిసిపోతుంది. మొదట్లో నాకున్నది రెండే పెట్టలు. అవీ ఒకసారి నీలం, ఒకసారి ఏదో పాలిపోయిన పచ్చ. ఈ రంగు ఇలా నిలబడటానికి పాతికేళ్ళు పట్టింది."

ఆ పెంకు ముక్కని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను. ఒక మనిషి పాతికేళ్ళు నా గోరంత ముక్కలో కనపడ్డాయి. ఇన్‌స్పెక్టరు టోపీ తీసేసి నిలబడ్డాడు. అది ఆయన గమనించలేదు.

"మరి పుంజు గుడ్డు పెట్టదు కదా" అన్నాను చివరికి. "దాని దగ్గర నీలం ఉందని ఎలా తెలుస్తుంది?"

"అదీ ప్రశ్నంటే! చూసి చెప్పలేరు. రెక్క చూసీ చెప్పలేరు, తురాయి చూసీ చెప్పలేరు. తెల్లగుడ్లు పెట్టే పెట్టలతో జత కట్టించాలి. పిల్లలు పుట్టాలి. ఆ పిల్లల్లో పెట్టలు పెరిగి, మొదటి గుడ్డు పెట్టాలి. ఆరు నెలలు. అప్పుడుగానీ తండ్రి దగ్గర నీలముందో లేదో తెలీదు. హెడ్మాస్టరు కూతుళ్ళు ఇరవై ముగ్గురు. ఇరవై ముగ్గురూ నీలమే పెట్టారు. ఆ రోజు నేను పెరట్లో కూర్చుని ఏడ్చానమ్మా, సంతోషంతో."

"మరి మీ కోళ్ళవాళ్ళు ఏ పుంజు ఏదో ఎలా గుర్తుపడతారు?"

"కాలి ఉంగరం. నంబరుంటుంది. హెడ్మాస్టరుది ఏడు. కోళ్ళవాళ్ళెవరూ మొహం చూడరు, కాలే చూస్తారు."

ఆ మాట అంటూ ఆవిడ ఒక్క క్షణం తడబడ్డారు. ఆ నిశ్శబ్దంలో నాకు రేడియో వినిపించింది. వసారా చివర మూసి ఉన్న సామాన్ల గదిలో ఎవరో గట్టిగా వార్తలు చదువుతున్నారు. బయట గొళ్ళెం పెట్టి ఉంది. గొళ్ళెం పెట్టిన గదిలో వార్తలు ఎవరు వింటారు?

"తోడుగా ఉంటుందని" అన్నారావిడ, నేను అడక్కుండానే.

నేను పెరట్లోకి వచ్చేశాను. ఇన్‌స్పెక్టరు వెనకే వచ్చాడు.

"మొన్న ఈ ఇంటి వైపు వచ్చినవాళ్ళెవరు సార్?"

"ఎవరూ రాలేదు. ఆవిడకి ఉన్నది ఒక్క మేనల్లుడు. అవతలి వీధిలో సొంతంగా కోళ్ళ షెడ్డు పెట్టుకున్నాడు. ఎనిమిది రోజులుగా ఇటు రాలేదని వాంగ్మూలమిచ్చాడు. మాస్టారి మీద అనుమానమున్నట్టు కూడా అతనే చెప్పాడు. మంచి కుర్రాడు. చిన్నప్పటినుంచీ అత్త దగ్గరే పని నేర్చుకున్నాడు."

"అలాగా" అన్నాను.

పదకొండూ పదికి ఆ మంచి కుర్రాడికి ఫోన్ చేశాను. పేరు చెప్పుకుని, వీలైనంత అమాయకంగా మాట్లాడాను. "ఏం లేదండీ, పన్నెండింటికి ఇన్‌స్పెక్టరుగారు ఊరికే పద్ధతి కోసం మీ షెడ్డు కూడా ఒకసారి చూస్తారట. ఈలోపు మీ అత్తగారు మిమ్మల్ని రమ్మంటున్నారు. మాస్టారిని తీసుకెళ్ళేటప్పుడు పక్కన మనవాళ్ళుండాలి కదా." అవతల కాసేపు మాట లేదు. తరవాత "వస్తాను" అన్నాడు.

పదకొండూ నలభైకి టీచరుగారి దగ్గరికి వెళ్ళి, ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"టీచరుగారూ, పదకొండు రోజుల క్రితం ఏడో నంబరు ఉంగరం ఎవరి కాలికి మార్చారు?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. మసక కళ్ళని తుడిచినా అద్దాలని తుడిచినా ఆవిడకి ఒకటే.

"వాడి తమ్ముడికి. ఒకేసారి పొదిగిన గుడ్లలోంచి వచ్చినవాళ్ళు, అచ్చు ఒకేలా ఉంటారు. కాని వాడి కూతుళ్ళు తెల్లగుడ్లే పెట్టారు. ఎలా కనిపెట్టావు?"

"నేను కాదు. మాస్టారు కనిపెట్టారు, ఆయనకే తెలీకుండా. మీరు ఉంగరం మార్చారు గాని గొంతు మార్చలేకపోయారు."

"గొంతా!" అన్నారు ఆశ్చర్యంగా. "పాతికేళ్ళుగా పెంచుతున్నాను. ఎవరి కూత ఏదో నేనెప్పుడూ వినలేదే."

"ఎందుకు మార్చారు?"

"మా మేనల్లుడొచ్చి, 'ఏడో నంబరు ఇంకా ఎన్నేళ్ళుంటుందత్తా' అని అడిగాడు. అడిగిన తీరు నచ్చలేదు. ఆ రాత్రే మార్చేశాను. పోయిన రోజు ఆ అడుగులు చూశాను. మడమ ఊడిన బూటు. నా తమ్ముడి కొడుకమ్మా. వాడికి కాళ్ళు ముంచడం నేర్పింది నేనే."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"వాడు మోసుకుపోయింది హెడ్మాస్టరే అనుకున్నంతకాలం మళ్ళీ ఇటు రాడు. ఆ పుంజు పిల్లలు పెరిగి మొదటి గుడ్డు పెట్టేదాకా ఎవరికీ తెలీదు. ఆరు నెలలు. ఈ ఆరు నెలల్లో నేను ఇంకో రెండు పుంజుల్ని పరీక్ష చేసి నిలబెట్టుకోగలను. ఆ తరవాత నా కళ్ళు పోయినా ఫరవాలేదు. ఒక్క ఆరు నెలలమ్మా."

ఆ లెక్క విని నేను నోరెళ్ళబెట్టాను. దొంగ చేతిలోకి దొంగ పుంజునే ఇచ్చి, అది ఉత్తదని తెలియడానికి ఆరు నెలల గడువు పెట్టింది ఈ మనిషి. ఎంత గొప్ప ఎత్తు! ఎంత అన్యాయం కూడా.

"మీకు ఆరు నెలలు" అన్నాను. "మాస్టారికి పావుగంట."

ఆవిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, మాస్టారి ఇంటివైపు చూశారు.

పన్నెండుకి రెండు నిమిషాలుండగా గేటు ముందు వ్యాను ఆగింది. మేనల్లుడు దిగాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, నెమ్మదిగా ఉన్నాడు. పుంజు గది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను నేను. "ఇటు రండి, మీ అత్తగారు ఇక్కడే ఉన్నారు" అన్నాను. అతను నావైపే చూస్తూ, మాట్లాడుతూ, ఏ మాత్రం చూసుకోకుండా కుడికాలు పళ్ళెంలో ముంచాడు, తరవాత ఎడమకాలు, లోపలికి వచ్చాడు. ఆరిపోయిన గోధుమరంగు అడుగు పక్కన తడి గులాబీరంగు అడుగు పడింది. రెండింటికీ కుడి మడమ దగ్గర ముక్క లేదు.

ఇన్‌స్పెక్టరు చూశాడు. చూశాడని నాకు తెలుసు. కాని ఆయన మొండివాడు.

"బూట్లు ఊళ్ళో అందరికీ అరుగుతాయి మేడమ్. నాకు పుంజు కావాలి. పుంజుంటే చూపించండి, లేదా టైమైంది." పెరట్లోకి నడిచి, కానిస్టేబుల్ పిలుచుకొచ్చిన మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు. "పదండి."

మాస్టారు ఎదురు చెప్పలేదు. వయొలిన్ పెట్టె గట్టిగా పట్టుకుని, "ఇది ఎవరికైనా అప్పజెప్పి వస్తాను" అన్నారు. గేటు బయట ఇద్దరు ముగ్గురు తల్లులు నిలబడి చూస్తున్నారు. వాళ్ళ పిల్లలు ఆయన దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళే. ఆయన వాళ్ళవైపు చూడలేక తల దించుకున్నారు.

"నాకు ఎప్పటినుంచో అనుమానమేనత్తా" అన్నాడు మేనల్లుడు మెల్లగా.

అప్పుడు టీచరుగారు లేచారు.

"మాస్టారూ" అన్నారు. పాఠం చెప్పే గొంతు. "ఆ పెట్టె తెరవండి. మా హెడ్మాస్టరు ఎలా కూస్తాడో ఒక్కసారి వాయించి వినిపించండి."

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ వసారాలోకి నడిచి, గొళ్ళెం తీసి, రేడియో కట్టేశారు. లోపల దుప్పటి లాగిన చప్పుడైంది. రోజూ ఆరున్నరకి మేత వెయ్యడానికి తీసేది ఈ దుప్పటే కాబోలు. తలుపు బార్లా తెరిచి, పక్కకి తప్పుకున్నారు.

మాస్టారు వయొలిన్ భుజానికెత్తుకున్నారు. కమాను తీగ మీద ఆనించారు. నాలుగు స్వరాలు. మొదటి రెండూ పొట్టివి, మూడోది నిటారుగా పైకి లేచింది, నాలుగోది మెల్లగా విరిగి కిందికి జారింది. కోడి కూత అంత అందంగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

గేటు దగ్గర తల్లులు కూడా ముందుకి వంగారు.

తరవాత ఇంటి లోపలనుంచి, గోడలు అదిరేలా, అవే నాలుగు స్వరాలు వచ్చాయి. ఆ వెంటనే గుమ్మంలోకి హెడ్మాస్టరు వచ్చి నిలబడ్డాడు. పదకొండు రోజుల చీకటి తరవాత ఎండలో మెడ సాచి, తన పెరట్లో తన పాట ఎవడు పాడాడా అని మమ్మల్నందర్నీ వరసగా చూశాడు.

"ఐదు శృతి" అన్నారు మాస్టారు. "వాడే. ఇన్నాళ్ళకి చూశాను."

మేనల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అదెలా... ఏడో నంబరు..." అని నాలుక కరుచుకున్నాడు.

"ఏడో నంబరు ఉంగరం నీ దగ్గరుందిరా" అన్నారు టీచరుగారు. "ఏడో నంబరు పుంజు నా దగ్గరుంది."

అతను నోరు తెరిచేలోపు, గేటు బయట ఆగి ఉన్న వ్యానులోంచి, షెడ్డు సోదా భయంతో వెంట తెచ్చుకున్న అట్టపెట్టె లోపలనుంచి, అన్న పిలుపుకి తమ్ముడు జవాబిచ్చాడు. గట్టిగా, కసిగా, చివర కొంచెం బేసురుగా.

"నాలుగున్నర" అన్నారు మాస్టారు.

ఇన్‌స్పెక్టరు మాస్టారి భుజం మీంచి చెయ్యి తీసేశాడు. గడియారం చూసుకున్నాడు. పన్నెండూ నాలుగు. తరవాత వ్యాను వైపు నడిచాడు.

"పదేళ్ళ వయసునుంచి నీ దగ్గర పెంట ఎత్తాను" అన్నాడు మేనల్లుడు అత్తతో. అరవలేదు, ఏడుస్తున్నాడు. "పొదిగించుకోరా అని ఒక్క గుడ్డు చేతిలో పెట్టలేదు."

"పెట్టలేదు" అన్నారావిడ. "అది నా తప్పే. ఈ రెండ్రోజులూ మాస్టారిని దొంగగా నిలబెట్టి చూస్తూ ఊరుకున్నాను, అదీ తప్పే. నీ తప్పు మాత్రం నీదేరా."

అతను జీపు వైపు వెళ్ళేటప్పుడు కూడా పుంజు గది గుమ్మం దగ్గర ఆగి, పళ్ళెంలో కాళ్ళు ముంచి వెళ్ళాడు. అది చూసి టీచరుగారు మొహం తిప్పుకున్నారు.

గేటు దగ్గర జనం పెరిగారు. నీలం గుడ్ల పుంజు ఎక్కడుందో, ఎలా ఉంటుందో, ఎలా కూస్తుందో ఇప్పుడు వీధి వీధంతటికీ తెలుసు. ఆవిడ దాచుకున్న ఆరు నెలలు నాలుగు నిమిషాల్లో అయిపోయాయి. చేతులు తడుముకుంటూ వచ్చి హెడ్మాస్టరుని ఎత్తుకుని, గుండెకి అదుముకున్నారు.

"ఇక వీణ్ణి ఎక్కడ దాచను?" అన్నారు, ఎవరితోనని కాకుండా.

మాస్టారు వయొలిన్ పెట్టెలో పెట్టి మూత వేశారు. దగ్గారు.

"నా పాఠాల గది ఉంది. గోడలకి దూది పరుపులు. ఎంత గొంతెత్తినా చప్పుడు బయటికి రాదు" అన్నారు. "కాళ్ళు దేంట్లో ముంచాలో చెబితే నేనూ నేర్చుకుంటాను."

టీచరుగారు ఆయన్ని అలా చూస్తూ ఉండిపోయారు. తరవాత పుంజుని జాగ్రత్తగా ఆయన చేతుల్లో పెట్టారు. ఎలా పట్టుకోవాలో తెలియక ఆయన దాన్ని వయొలిన్‌లాగే భుజానికి ఆనించుకున్నారు. రెండో చేత్తో జేబులోంచి పుస్తకం తీసి నా చేతికిచ్చి, కొంచెం రాసిపెట్టమన్నారు.

ఆయన చెప్పినట్టే రాశాను. సమయం, పన్నెండూ రెండు. శృతి, ఐదు.

"ఫిర్యాదు?" అన్నాను.

హెడ్మాస్టరు ఆయన చెవి పక్కనే మెడ సాచి ఇంకోసారి కూశాడు. మాస్టారు కళ్ళు మూసుకుని, అది పూర్తిగా అయ్యేదాకా విన్నారు.

"లేదని రాయండమ్మా" అన్నారు.